ఫారిన్ ప్యాకింగ్ అని నమ్మితే పట్టుచీరకు ఆవకాయ పెట్టాడు – తిరుపతి వాళ్ళు జాగ్రత్త

మొన్న రాత్రి డల్లాస్‌లో దిగాను. ఇంకా నిద్ర పట్టడం లేదు. టైం తేడా వల్ల అనుకుంటోంది మా అమ్మాయి. కాదు, కోపం. "పోనీలే అమ్మా, వదిలెయ్" అంటోంది. వదలను. కనీసం నాలుగు ముక్కలు రాస్తాను.

అంగడి పేరు రాయను. ఫారిన్ ప్యాకింగ్ (విదేశాలకు తీసుకుపోయే ఊరగాయలు కవర్లో పోసి, గాలి లాగి, మిషన్‌తో అతుకు వేసి ఇవ్వడం) అంటే తిరుపతిలో ఏ అంగడో మీలో సగం మందికి తెలుసు. మనూర్నించి అమెరికాకు పోయే ప్రతి అమ్మా, ప్రతి అత్తా అక్కడే క్యూ కడతారు. నేనూ కట్టాను. అమ్మాయికి ఏడో నెల, సీమంతం ఇక్కడే. మే నెలలో పెట్టిన ఆవకాయ 3 కిలోలు, నిమ్మకాయ ఊరగాయ, చింతకాయ తొక్కు, పప్పుల పొడి, నిప్పట్లు, 5 శ్రీవారి లడ్లు. అదే పెట్టెలో అడుగున సీమంతానికి కొన్న వెంకటగిరి పట్టుచీర, లేత పసుపు రంగుది. (ఊరగాయ కింద పట్టుచీర పెట్టిన తెలివి నాదే. రెండో పెట్టెలో పుట్టబోయే బిడ్డ సామాను నిండిపోయింది. తిట్టుకోవడం అయిపోయింది, మీరు మళ్ళీ తిట్టకండి.)

"నాయనా, ఇది విమానంలో పోయేది, కారదు కదా?" అని మూడుసార్లు అడిగాను. "అమ్మా, ఇరవై ఏండ్లుగా అమెరికాకు కడతా ఉండాం. చుక్క కారితే నన్నడగండి" అన్నాడు. సరే, ఇప్పుడు అడుగుతున్నా.

అసలు సంగతి చెప్తాను. ఆవకాయ కవర్లో పోసేటప్పుడు గరిటె కవరు మూతికి తగిలి నూనె అంటుకుంది. ఎర్రగా, వేలెడంత గీత. అందులో ఆవపిండి కూడా. వాడు భుజం మీది గుడ్డ తీసి ఒక్కసారి అలా రాసి, మిషన్లో పెట్టి నొక్కేశాడు. గాలి లాగేటప్పుడు నూనె ఇంకాస్త పైకి పాకింది. అతుకు పడే చోటే సన్నటి ఎర్ర పోగులా నిలబడింది. నేను చూశాను. నా కళ్ళతో చూశాను. "అక్కడ నూనె ఉన్నట్టుంది నాయనా" అన్నాను కూడా. "అదంతా వేడికి మాడిపోతుందమ్మా" అన్నాడు. నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు, నోరు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఊరగాయలు పెడుతున్న దాన్ని, జాడీ మూతికి నూనె అంటితే తుడవకుండా వాసెన కట్టని దాన్ని, అక్కడ మాత్రం మర్యాదకు పోయాను.

ప్యాకింగుకు 1,100 తీసుకున్నాడు. వాడి కాటా మీద పెట్టె 22 కిలోల 800. చెన్నై ఎయిర్‌పోర్టు కాటా మీద 24న్నర! 23 దాటితే కుదరదన్నారు. అందరి ముందూ పెట్టె విప్పి నిప్పట్లు మా తమ్ముడి చేతికిచ్చి పంపించాను. ఎండుకొబ్బరి చిప్పలు నాలుగు ఉంటే అవీ తీసేయమన్నారు. చెకిన్ పెట్టెలో ఎండుకొబ్బరి 2022 నుంచే నిషేధమట, నూనె ఎక్కువ కాబట్టి త్వరగా మండుతుందని. "కొబ్బరి పెట్టొచ్చా?" అని వాడినే అడిగాను. "దర్జాగా పెట్టండి" అన్నాడు మహానుభావుడు.

ఇక డల్లాస్. బెల్టు మీద నా పెట్టె రాకముందే దాని వాసన వచ్చింది. తిండి సామాను ఉందని నేను ముందే చెప్పాను కాబట్టి కస్టమ్స్ ఆయన పక్కకు పిలిచి, మూల చూసి, "పికిల్?" అని నవ్వి పంపించేశాడు. ఆ పరాయి మనిషికి ఉన్న మర్యాద మన ఊరి మనిషికి లేదు, అదీ చెప్తాను.

ఇంటికొచ్చి తెరిస్తే మూడు కవర్లలో ఒకటే విడిపోయింది. ఏదో చెప్పాలా? అతుకు సరిగ్గా ఆ ఎర్ర గీత ఉన్నంత మేర నోరు తెరుచుకుంది, అటూ ఇటూ గట్టిగానే ఉంది. మా అల్లుడు చెప్పాడు, పైన విమానంలో ఒత్తిడి తిరుమలకు రెండు మూడింతలు ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుందట. కవర్లో మిగిలిన కాస్త గాలీ ఉబ్బుతుంది. కొండ మీద అంగట్లో చిప్స్ ప్యాకెట్లు బుస్సుమని ఉంటాయి చూడండి, అలాగ. నూనె అంటిన చోట అతుకు పడదు, ఉబ్బేసరికి అక్కడే వదిలేసింది.

చీర సగం ఎర్రబారింది. జరీ అంచులో మెంతిపిండి. లడ్లు చూస్తే ఏడుపొచ్చింది. ప్రసాదం పారెయ్యలేం, కడగలేం. మా అల్లుడే ముందు ఒకటి తుంచి నోట్లో వేసుకుని "కాస్త కారంగా ఉంది అత్తమ్మా, కానీ బాగుంది" అన్నాడు. బంగారం.

ఫోటోలు తీసి ఆ అంగడి వాడికి పంపాను, ఫోన్ చేశాను. డబ్బులు అడగాలని కూడా కాదు, "అయ్యో" అంటే చాలనుకున్నా. వాడన్న మాట యథాతథంగా రాస్తున్నా: "మీ ఇంటి ఆవకాయలో నూనె ఎక్కువమ్మా. పాతకాలం వాళ్ళ ఊరగాయలు ఇంతే. మా దగ్గర కొనుంటే కారేది కాదు. అయినా ప్యాక్ చేసింది నేను, విమానం తోలింది నేను కాదు కదా?" పక్కన ఎవరో నవ్వడం వినబడింది.

నూనె ఎక్కువట! పైన నూనె తేలకపోతే అది ఆవకాయా, ఆవపిండి ముద్దా? మా అత్తగారు నేర్పిన కొలత అది, శెనగనూనెతో. చీర పోయినందుకు కాదు, ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. తిరిగి మెసేజ్ పెడితే పోలేదు, నంబరు బ్లాక్ చేశాడు.

పోబోయేవాళ్ళు ఇంట్లోనే కట్టుకోండి. కవరు మూతి నాలుగు వేళ్ళ మేర బయటికి మడిచి ఊరగాయ పొయ్యండి, మడత విప్పి పొడిగుడ్డతో తుడిచి, రెండు అతుకులు వేసి, ఇంకో కవర్లో పెట్టి, ఒక రాత్రి తలకిందులుగా పేపరు మీద బరువు కింద ఉంచండి. కారేది ఇంట్లోనే కారుతుంది. పైన తేలే నూనె వంచేసుకోండి, ఇక్కడికొచ్చాక కాచి చల్లార్చి పోసుకోవచ్చు. బట్టల పెట్టె వేరే. బరువు ఇంట్లో చూసుకోండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు వద్దు. తిండి ఉందని చెప్పకుండా దొరికితే ఇక్కడ జరిమానా 10,000 డాలర్ల దాకా వేయొచ్చు.

సీమంతం వచ్చే ఆదివారం. పట్టు మీద ఆవకాయ నూనె మరక పోయే మార్గం తెలిసినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి. శెనగపిండి, టాల్కం పౌడరు రెండూ అయిపోయాయి.