మహానటి మళ్ళీ చూశా, నాకైతే 5కి 4.5

సావిత్రి గారి కథని మూడు గంటల్లో చెప్పడం మామూలు విషయం కాదండీ, నాగ్ అశ్విన్ ఆ పని చేసి చూపించాడు. 2018లో వచ్చింది, ఇప్పటికీ ఫ్రెష్‌గా ఉంది. కీర్తి సురేష్‌కి నేషనల్ అవార్డు ఊరికే రాలేదు, మాయాబజార్ షూటింగ్ సీన్‌లో శశిరేఖ ఒంట్లో ఘటోత్కచుడు దూరినట్టు ఆ మీసం తిప్పడం, ఆ నడక, అచ్చం ఎస్వీఆర్ గారి దర్జా. ఎడమ కంట్లోంచే కన్నీళ్ళు కావాలి అంటే సరిగ్గా అంతే రాల్చే సీన్ అయితే ఒళ్ళు జలదరించింది!

జెమినీ గణేశన్‌ని దుల్కర్ ఉత్త విలన్‌లా చేయలేదు, అదే నాకు బాగా నచ్చింది, పెళ్ళైనవాడని తెలిసీ సావిత్రి గారు ఎందుకంత ప్రేమించారో అర్థమవుతుంది, ఆవిడ మందు అలవాటు దగ్గర మాత్రం గుండె తరుక్కుపోయింది. సమంత, విజయ్ ట్రాక్ కొంచెం సాగింది. సావిత్రి గారు డైరెక్ట్ చేసిన సినిమాల గురించి ఇంకాస్త చూపించాల్సింది, ఆ రోజుల్లో ఒక ఆడమనిషి డైరెక్షన్ చేయడం అంటే ఎంత పెద్ద విషయం. ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని చూడండి, పాత పాటలన్నీ వాళ్ళే పాడి వినిపిస్తారు.