128 జీబీ కార్డు 29 జీబీ దగ్గరే ఆగిపోయింది: కర్నూలు ఫోటోగ్రాఫర్లు కొనేముందు ఒకసారి చదవండి

అన్నలూ, తమ్ముళ్ళూ, సీజన్ ముందు మెమరీ కార్డులు కొనేవాళ్ళు ఇది చదివాకే కొనండి. దుకాణం పేరు రాయను, అడగొద్దు. అక్కడ కాకపోతే ఇంకోచోట ఇదే సరుకు దొరుకుతుంది.

మాఘమాసంలో ఎమ్మిగనూరు దగ్గర ఒక పెళ్ళి ఒప్పుకున్నా. మన వైపు సంగతి తెలిసిందే కదా, ముందురోజు రాత్రి రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం. మధ్యలో కార్డు మార్చే పని ఉండకూడదని పెద్ద కార్డుతోనే దిగినా. పేరున్న కంపెనీ పెట్టె, మీద 128 జీబీ, సెకనుకు 170 ఎంబీ అని స్పీడు. సీజన్‌కు ముందు కర్నూలు బజార్లో కొన్నది. బయట రేటులో సగానికే ఇచ్చినాడు. "ఒరిజినలే అన్నా, బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది" అని ఎస్టిమేట్ చీటీ ఒకటి చేతిలో పెట్టినాడు. ఆ మాటకే లేచి రావాల్సింది. రాలేదు.

ఇంటికొచ్చి ఫోటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లోకి లోడ్ చేసినా. రిసెప్షన్ అంతా ఉంది, మంగళస్నానాలు ఉన్నాయి. దాదాపు 1,090 ఫోటోల వరకు బంగారంలా ఉన్నాయి. అక్కడి నుంచి చివరిదాకా, మొత్తం 1,350 వరకు, ఒక్కటీ తెరుచుకోదు. ఫైలు పేరుంది, సైజు 28, 29 ఎంబీ అని చూపిస్తుంది, లోపల ఏమీ లేదు. పోయింది 260 ఫోటోలే. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ ఆ 260లోనే ఉన్నాయి.

"తాళి కట్టినప్పుడు నేను కెమెరా వెనక చూసుకున్నా, ఫోటో కనబడింది కదా" అని రెండు రోజులు పిచ్చివాడిలా ఇదే అనుకుంటూ తిరిగినా. తర్వాత అర్థమైంది. క్లిక్ కొట్టగానే స్క్రీన్ మీద మనం చూసేది కెమెరా లోపలి బఫర్లో, అంటే తాత్కాలిక మెమరీలో, ఉన్న బొమ్మ. అది కార్డులో పడిందా లేదా అన్నది దాన్ని చూసి చెప్పలేం. కాసేపటికి ప్లే బటన్ నొక్కి వెనక్కి పోయి చూసి ఉంటే అప్పుడే బయటపడేది. ముహూర్తం టైములో వెనక్కి చూసేంత తీరిక ఎవరికుంటుంది!

మోసం జరిగే తీరు ఇది. లోపల చిప్పు 32 జీబీదే. దాన్ని నడిపే కంట్రోలర్‌లో ప్రోగ్రాం మార్చి 128 అని చెప్పిస్తారు. కెమెరా, కంప్యూటరు రెండూ కార్డు చెప్పిందే నమ్ముతాయి. అసలు చోటు అయిపోయాక కూడా కార్డు "రాసుకున్నా, రాసుకున్నా" అంటూనే ఉంటుంది, ఎర్రర్ ఇవ్వదు. ఫైళ్ళ పేర్లు రాసుకునే పట్టీ కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి నాకు పేర్లు మిగిలినాయి, బొమ్మలు గాలిలో కలిసిపోయినాయి. కొన్ని నకిలీ కార్డులు ఇంకా ఘోరం, మళ్ళీ మొదటికొచ్చి ఉన్న ఫోటోల మీదే రాసేస్తాయి.

ఇంకో మాట, నన్ను ముంచింది నిజానికి ఇదే. ఈ కార్డు నేను కొత్తగా వాడలేదు. అంతకుముందు ఒక సీమంతం, ఒక బారసాల, ఓర్వకల్లు రాక్ గార్డెన్స్‌లో ఒక ప్రీ వెడ్డింగ్, అన్నీ దీంట్లోనే తీసినా. ఏదీ 32 జీబీ దాటలేదు. ప్రతిసారీ కాపీ చేసుకుని ఫార్మాట్ కొట్టేవాణ్ణి, కార్డు మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేది. "మూడు ఫంక్షన్లు చూసిన కార్డురా" అని ధైర్యం. సగం కూడా నింపకుండా పరీక్ష చేసినా అనుకోవడం నా తెలివి.

రికవరీ చేస్తామని ఒకాయన 6,000 అడిగినాడు. ఇవ్వబోయి ఆగినా. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ముందు దాంతో చూసినా. అది పొరపాటున డిలీట్ అయినవాటిని, ఫార్మాట్ కొట్టినవాటిని, వాటి మీద ఇంకేమీ రాయకపోతే, చాలావరకు వెనక్కి తెస్తుంది. నా కార్డులో అవి ఎప్పుడూ రాయబడలేదు, ఇంక తేవడానికి ఏముంది? మీకు నిజంగా డిలీట్ అయిన కేసు వస్తే మాత్రం ఆ కార్డులో ఇంకొక్క క్లిక్ కూడా కొట్టకుండా తీసి పక్కన పెట్టండి.

పెళ్ళికూతురి అమ్మ అడిగిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది: "ఏం నాయనా, తాళి కట్టేది ఒక్కటన్నా లేదా?" వీడియో తీసిన తమ్ముడి దగ్గర ఫుల్ హెచ్‌డీ ఫుటేజీ ఉంది, దాంట్లోంచి ఫ్రేములు తీసినాం. అవి 1920×1080, అంటే 2 మెగాపిక్సెళ్ళే. 12×36 ఇంచుల ఆల్బం షీటు నిండా పరిస్తే ఇంచికి 53 పిక్సెళ్ళు పడతాయి, మొహాలు అలికినట్టుంటాయి. చిన్న చిన్న బొమ్మలుగా సర్ది, బంధువుల ఫోన్లలోవి కలిపి ఆల్బం చేసి, మిగతా డబ్బు తీసుకోలేదు. వాళ్ళు పెద్దమనసు చేసుకున్నారు.

నా కెమెరా నైకాన్ డి750. కార్డులకు రెండు స్లాట్లున్నాయి! సెట్టింగులో రెండో స్లాటు ఓవర్‌ఫ్లో మీద పెట్టుకున్నా, ఒకటి నిండితే రెండోదాంట్లోకి పోయేట్టు. బ్యాకప్ మీద పెడితే ప్రతి ఫోటో రెండింట్లో పడుతుంది, కానీ ఏ ఒక్క కార్డు నిండినా షట్టరు పడదు. రెండో స్లాటులో ఉన్నది 32 జీబీది. అది నిండి మధ్యలో ఆగుతుందేమోనని భయపడి మానేసినా. ఇప్పుడు రెండూ ఒకే సైజువి కొని బ్యాకప్ మీదే పెట్టినా. ఒకే స్లాటున్న కెమెరా అయితే రిసెప్షన్‌కు ఒక కార్డు, ముహూర్తానికి వేరే కార్డు పెట్టుకోండి.

కొత్త కార్డు ఏదైనా, ఎంత పెద్ద షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, మొదటి ఫంక్షన్‌కు ముందు మొత్తం నింపి చూడండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో, లైనక్స్‌లో ఎఫ్3, రెండూ ఉచితమే. కార్డు చివరిదాకా రాసి, మళ్ళీ చదివి సరిపోయిందా చూస్తాయి. 128కి గంటల పని, రాత్రి పెట్టి పడుకోండి. నా కార్డుకు వచ్చిన లెక్క: 29 జీబీ బాగుంది, 90 జీబీ డేటా లేదు. రెండూ కలిపితే 119 ఏంటని కంగారు పడొద్దు, అసలైన 128 కార్డు కూడా విండోస్‌లో 119 అనే, 32 కార్డు 29 అనే చూపిస్తుంది. అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా, మోసం కాదు. నకిలీదీ అంతే చూపిస్తుంది కాబట్టి ప్రాపర్టీస్ చూసి తేల్చలేం.

స్పీడు సంగతి కూడా చెప్పేస్తా. పెట్టె మీది పెద్ద అంకె సాధారణంగా చదివే వేగం. మనకు కావాల్సింది రాసే వేగం, దానికి వీ30 లాంటి గుర్తు చూడండి, సెకనుకు కనీసం 30 ఎంబీ అని అర్థం. 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైటు) 4కే వీడియోకు సెకనుకు 12.5 ఎంబీ చాలు, వీ30 హాయిగా లాగుతుంది. ఏ1, ఏ2 అనేవి ఫోన్లో యాప్‌ల కోసం, వాటికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. వెనక రెండు వరసల పిన్నులున్న యూహెచ్‌ఎస్-2 కార్డు మీ కెమెరాకు పనికొస్తుందో లేదో చూసుకుని కొనండి. నా డి750కి ఆ వేగం అందదు.

ఇంకొకటి, కార్డు పక్కనుండే లాక్ పుల్ల విరిగిపోతే మనవాళ్ళు సెల్లోటేపు అంటించి నడిపిస్తుంటారు. నేనూ చేసినా. పని చేస్తుంది, కానీ ఆ టేపు స్లాటులో ఊడి ఇరుక్కుంటే కార్డు ధరకు పదింతలు రిపేరుకు పోతుంది. పారేయండి.

దుకాణానికి వెళ్ళి అడిగితే "మా దగ్గర కొన్నట్టు బిల్లేదన్నా?" అన్నాడు. బిల్లు ఉండి ఉంటే 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసేవాణ్ణి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోయేవాణ్ణి, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. ఎస్టిమేట్ చీటీ పట్టుకుని ఎక్కడికి పోతాం?

సగం రేటుకు పెద్ద కార్డు కొన్నవాళ్ళు ఈ రాత్రే టెస్టు పెట్టండి. పెట్టేముందు దాంట్లో ఉన్న ఫోటోలన్నీ వేరేచోటికి కాపీ చేసి, తెరుచుకుంటున్నాయో చూసుకుని, అప్పుడు కార్డు ఖాళీ చేయండి.