కంపైలర్‌కి ఫుల్ మార్కులు, లైసెన్స్‌కి సున్నా: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

మా టీమ్ పని చిన్న కంట్రోలర్ బోర్డుల కోసం సీ, సీ ప్లస్ ప్లస్‌లో కోడ్ రాయడం. అందుకోసం డబ్బు పెట్టి కొన్న ఒక కంపైలర్‌ని (రాసిన కోడ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చేది), దాంతోపాటు వచ్చే ఎడిటర్‌ని, డీబగ్గర్‌ని (నడుస్తున్న కోడ్‌లో తప్పులు వెతికేది) ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నాను. పేరు చెప్పను. ఫ్లోటింగ్ లైసెన్స్‌తో (ఒకేసారి ఇంతమందే వాడొచ్చని ఒక సర్వర్ సీట్లు పంచే పద్ధతి) వచ్చే ఏ టూల్‌కైనా ఇందులో సగం సంగతులు వర్తిస్తాయి, పేరు చెబితే చర్చంతా కంపెనీ మంచిదా కాదా అన్నవైపు వెళ్లిపోతుంది.

ముందు మంచి మాటలు. బైనరీ (తయారైన ప్రోగ్రాము ఫైలు) చిన్నగా వస్తుంది, ఆప్టిమైజేషన్ పెంచినా డీబగ్గర్‌లో వేరియబుల్స్ చాలావరకు కనబడతాయి, పాత ప్రాజెక్టులు కొత్త వెర్షన్‌లో పెద్ద గొడవ లేకుండా తెరుచుకుంటాయి. కోడ్‌లో తప్పు చేస్తే ఏ లైను, ఏ టైపు, ఏది రావాల్సిన చోట ఏది వచ్చిందో ఓపిగ్గా చెబుతుంది. కంపైలైన ముక్కల్ని కలిపి ఒకే ప్రోగ్రాము చేసే లింకర్ దగ్గర మాత్రం కాస్త తికమక ఉంది. క్లాసులో వర్చువల్ ఫంక్షన్ డిక్లేర్ చేసి బాడీ రాయకపోతే 'వీటేబుల్ దొరకలేదు' అంటుంది (వీటేబుల్ అంటే క్లాసులోని వర్చువల్ ఫంక్షన్లు ఎక్కడున్నాయో కంపైలర్ తనే రాసుకునే పట్టిక), కొత్తగా చేరినవాళ్లు 'నేను వీటేబుల్ అన్నదే రాయలేదు కదా' అని జుట్టు పీక్కుంటారు. ఇన్‌లైన్ గానీ ప్యూర్ గానీ కాని మొదటి వర్చువల్ ఫంక్షన్ ఏ ఫైల్లో ఉంటే ఆ టేబుల్‌ని కంపైలర్ అక్కడే పెడుతుంది, ఆ ఫంక్షన్ బాడీయే లేకపోతే టేబులూ ఉండదు. ఒకసారి తెలిస్తే ఇక మర్చిపోరు.

అసలు గొడవ వేరే. తప్పు నాదైతే అంత వివరంగా చెప్పే ఈ సాఫ్ట్‌వేర్, ఇబ్బంది తనదైతే మాత్రం నోరు మెదపదు. పొద్దున్నే బిల్డ్ కొడితే ఒక బూడిద రంగు డబ్బా వస్తుంది: 'లైసెన్స్ చెక్అవుట్ ఫెయిల్డ్. మీ అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి'. మా దగ్గర అడ్మినిస్ట్రేటర్ అంటే నేనే, నన్ను నేను ఎలా సంప్రదించుకోను?

లోపల నడిచేది చాలా కంపెనీలు వాడే ఫ్లెక్స్‌ఎల్ఎం లైసెన్స్ మేనేజరే. న్యాయంగా చెప్పాలంటే అది మరీ మూగది కాదు, కారణాన్ని నంబర్లలో ఇస్తుంది. ఆ నంబర్లని 'డీటెయిల్స్' అనే బటన్ కింద దాచింది మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు. ఆ బటన్ నొక్కితే -15,10:10061 లాంటిది ఒకటి కనబడుతుంది. అందరూ -15 పట్టుకుని వెతుకుతారు. -15 అంటే సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోయాను అని, అంతే, దాంతో ఒరిగేదేమీ లేదు. చూడాల్సింది చివరి నంబరు. 10061 అయితే అవతలి మెషీన్ బతికే ఉంది, ఆ పోర్టు (మెషీన్‌లో ఒక్కో సర్వీస్‌కి ఉండే తలుపు నంబరు) మీద వినేవాళ్లే లేరు, అంటే లైసెన్స్ సర్వీస్ ఆగిపోయినట్టే. 10060 అయితే జవాబే రాలేదు, ఫైర్‌వాల్ మింగేసి ఉండాలి, లేదా మెషీన్ ఆఫ్‌లో ఉండాలి. 11001 అయితే ఆ పేరుతో మెషీన్ దొరకలేదు, పేరుని బట్టి అడ్రస్ వెతికే డీఎన్ఎస్ సంగతి చూడాలి. మూడు వేరే వేరే జబ్బులు, పైన కనబడే డబ్బా మాత్రం ఒక్కటే.

మమ్మల్ని ఎక్కువగా ఏడిపించింది ఇది: సర్వర్ రీబూట్ అయిన ప్రతిసారీ కొందరికి లైసెన్స్ రాదు, పోర్ట్ 27000 చూస్తే తెరిచే ఉంటుంది, సర్వర్ మెషీన్ మీదే కూర్చుని వాడితే పనిచేస్తుంది. సపోర్ట్‌కి రాస్తే 'రీఇన్‌స్టాల్ చేసి చూడండి' అని వచ్చింది (ఈ జవాబు టెంప్లేట్‌లోనే ఉంటుందని నా గట్టి నమ్మకం). అసలు సంగతేంటంటే అక్కడ నడిచేవి రెండు ప్రోగ్రాములు. మొదటిది 27000 మీద తలుపు తీసి, 'మీకు కావాల్సినవాడు ఫలానా పోర్టులో ఉన్నాడు' అని రెండోదాని దగ్గరికి పంపుతుంది. ఆ రెండోది, అంటే వెండర్ డీమన్ (సీట్లు పంచే ప్రోగ్రాము), స్టార్ట్ అయిన ప్రతిసారీ ఖాళీగా ఉన్న ఏదో ఒక పోర్టు పట్టుకుంటుంది. ఫైర్‌వాల్‌లో మనం తెరిచింది నిన్నటి పోర్టు, ఈరోజు అది ఇంకెక్కడో ఉంది. లైసెన్స్ ఫైల్లో వెండర్ అని మొదలయ్యే లైను చివర పోర్ట్ నంబరు రాసి, అదే నంబరు ఫైర్‌వాల్‌లో తెరిస్తే సరిపోయింది. ఒక్క లైను! ఇన్‌స్టాలేషన్ గైడ్‌లో ఇది మొదటి పేజీలో ఉండాల్సింది, చివర్లో ఎక్కడో పడేశారు.

లైసెన్స్ ఫైల్లో చెయ్యి పెట్టాలంటే చాలామందికి భయం. సర్వర్ పేరు, పోర్ట్ నంబర్లు, డీమన్ ఉన్న పాత్ మార్చుకోవచ్చు, వాటికి ఫైల్లోని సంతకంతో (ఫైల్‌ని ఎవరూ మార్చలేదని చూపించే కోడ్) సంబంధం లేదు. హోస్ట్ ఐడీ (లైసెన్స్ కట్టేసిన మెషీన్ గుర్తు), సీట్ల సంఖ్య, ఎక్స్‌పైరీ తేదీ ముట్టుకుంటే మాత్రం సంతకం చెల్లదు, -8 వస్తుంది. ఎవరూ ఏమీ మార్చకపోయినా -8 వచ్చిందంటే ఫైల్‌ని వర్డ్ ప్రాసెసర్‌లో తెరిచి సేవ్ చేశారేమో చూడండి. మామూలు కోట్ గుర్తుల్ని అది వంకర కోట్లుగా మార్చేస్తుంది, కంటికి తేడా తెలియదు, ప్రోగ్రాముకి తెలుస్తుంది.

ఇంకో తలనొప్పి, ఎడిటర్ తెరుచుకోవడానికే యుగాలు పట్టడం. ఎర్రర్ ఏమీ ఉండదు, ఊరికే అలా తిరుగుతూ ఉంటుంది. ఎన్విరాన్‌మెంట్‌లో (సిస్టమ్ సెట్టింగుల్లో) ఎల్ఎం_లైసెన్స్_ఫైల్ అనే వేరియబుల్ ఉంటుంది, ఇలాంటి లైసెన్సులు వాడే టూల్స్ చాలావరకు దాన్నే చూస్తాయి. ఎప్పుడో తీసేసిన పాత సర్వర్ పేరు అందులో ముందు ఉంటే, దాని జవాబు కోసం ఎదురుచూసి, విసిగిపోయాకే రెండో పేరు దగ్గరికి వస్తుంది. అక్కడ తీసేసినా తగ్గకపోతే, విండోస్ అయితే రిజిస్ట్రీలో వెతకాలి, లైనక్స్ అయితే హోమ్ ఫోల్డర్‌లో ఫ్లెక్స్‌ఎల్ఎంఆర్‌సీ అనే దాచిన ఫైలు ఉంటుంది. ఒకసారి దొరికిన సర్వర్‌ని అక్కడ రాసిపెట్టుకుని మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది. ఎక్కడెక్కడ వెతుకుతోందో తెలుసుకోవాలంటే ఫ్లెక్స్‌ఎల్ఎం_డయాగ్నస్టిక్స్ అనే వేరియబుల్‌కి 3 ఇచ్చి అదే టెర్మినల్ నుంచి స్టార్ట్ చేయండి. సపోర్ట్‌తో వారం రోజులు మెయిళ్లు నడిపే బదులు ఇది చాలు.

హోస్ట్ ఐడీ విషయానికొస్తే, లైసెన్స్‌ని నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌కి, అంటే ఆ కార్డు గుర్తింపు నంబరుకి కట్టేస్తారు. ల్యాప్‌టాప్‌ని డాక్‌కి (కేబుళ్లు తగిలించుకునే పెట్టె) తగిలించి ఉండగా తీసుకున్న అడ్రస్ ఇస్తే అది డాక్‌దై ఉండొచ్చు. అప్పుడు డాక్ తీసేస్తే లైసెన్స్ కూడా పోయినట్టే, -9 వస్తుంది. లోపల ఉన్న కార్డు అడ్రసే ఇవ్వండి. మెషీన్ గడియారం వెనక్కి జరిపితే -88 వస్తుంది, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ తప్పినా అనుమానం మన మీదికే. రేపటి తేదీతో ఉన్న ఫైళ్లు డిస్కులో ఉన్నాయా అని కూడా చూస్తుందది. డబ్బు కట్టినవాడిని దొంగని చూసినట్టు చూడటం నాకు అస్సలు నచ్చని విషయం.

సీట్ల గొడవ తక్కువేం కాదు. ఎడిటర్ క్రాష్ అయితే సీటు కొన్నిసార్లు సర్వర్ దగ్గరే ఇరుక్కుపోతుంది, ఇంకొకరికి -4 (సీట్లు ఖాళీ లేవు) వస్తుంది. ఎల్ఎంస్టాట్ అనే కమాండ్ కొడితే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది, ఎల్ఎంరిమూవ్‌తో విడిపించొచ్చు. మా బిల్డ్ సర్వర్ రాత్రంతా సీటు పట్టుకుని పొద్దున వచ్చినవాళ్లకి లేకుండా చేసేది, దానికి విడిగా ఒక లైసెన్స్ తీసుకున్నాక గాని గొడవ తీరలేదు.

పర్మనెంట్ లైసెన్స్ అని కొన్నా కొత్త వెర్షన్ వేయగానే -25 వచ్చిందంటే కంగారు పడకండి, లైసెన్స్ చచ్చిపోలేదు. మెయింటెనెన్స్ (కొత్త వెర్షన్లు వాడుకునే గడువు) అయిపోయాక విడుదలైన వెర్షన్ అయి ఉంటుంది, పాతది వేసుకుంటే నడుస్తుంది. ఇది కూడా డబ్బా మీద చెప్పొచ్చుగా, చెప్పదు.

ఇన్ని తిట్టి మళ్లీ రెన్యూ చేస్తావా అంటే, చేస్తాను. ఆ కోడ్ సైజు మాకు వేరేచోట రాలేదు. ఇద్దరు ముగ్గురున్న టీమ్ అయితే మాత్రం ఫ్లోటింగ్ జోలికి వెళ్లొద్దు, మెషీన్‌కి కట్టిన లైసెన్సే తీసుకోండి, సర్వర్ బాధ ఉండదు. కొనేముందు ఒక్కటి రాతపూర్వకంగా అడగండి: మెషీన్ పాడైతే లైసెన్స్‌ని ఇంకో మెషీన్‌కి మార్చడానికి ఏడాదికి ఎన్నిసార్లు ఒప్పుకుంటారు, శని, ఆదివారాల్లో ఆ పని చేసేవాళ్లు ఉంటారా అని. మాకు అమ్మినవాళ్ల దగ్గర ఉండరు.