తార్నాక జొన్నరొట్టె మెస్: రొట్టెకు దండం, చాయ్‌కి నమస్కారం

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థకు దగ్గర్లోనే ఈ చిన్న మెస్. బోర్డు మీద పేరుకన్నా 'షుగర్ తగ్గించే భోజనం' అన్నదే పెద్దగా కనిపిస్తుంది. దాన్ని పక్కనబెట్టి ప్లేటు చూద్దాం. రెండు జొన్నరొట్టెలు, గంగవాయిల కూర పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు, పల్లి తొక్కు, గ్లాసుడు రాగి అంబలి. 120 రూపాయలు.

రొట్టె అసలైనదే. సలసల కాగే నీళ్లు పోసి, వేడి మీదే పిండిని అరచేత్తో రుద్ది రుద్ది మెదుపుతున్నారు. జొన్నకు గోధుమలా సాగే గుణం లేదు, ఉడుకు నీళ్లకు పిండి కాస్త ఉడికితేనే అతుక్కుంటుంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నా, పిండి పాతదైనా అంచులు పగులుతాయి. పాతపిండైతే చిరుచేదు కూడా తగులుతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. తుంచితే పుటుక్కున తెగింది, చల్లారాక బిరుసెక్కింది. చల్లారినా చపాతీలా సాగిందంటే గోధుమపిండి కలిసినట్టే. గోధుమ పడనివాళ్లు పీట మీద చల్లే పొడిపిండి ఏమిటో కూడా అడగాలి.

100 గ్రాముల జొన్నల్లో పీచు దాదాపు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. అలాగని షుగర్ ఉన్నవాళ్లు లెక్క మరిస్తే కుదరదు. రొట్టెకు 60 గ్రాముల పిండి పడితే, రెండింట్లో పిండిపదార్థమే 80 గ్రాముల దాకా తేలుతుంది. ఒక రొట్టెతో ఆపి, పప్పూ కూరా మళ్లీ వేయించుకోండి. అడిగితే మొహం ముడుచుకోరు.

వేయించుకోదగ్గదీ ఆ పప్పే. కందిపప్పు పలుకు పోకుండా ఉడికింది, ఆకు పులుపు నాలుకకు తెలుస్తోంది. గంగవాయిల కూరలో ఒంటికి మేలుచేసే ఒమేగా-3 కొవ్వు మిగతా ఆకుకూరల్లోకన్నా ఎక్కువ. రాళ్లు కట్టించే ఆక్సలేట్లూ ఎక్కువే కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు గరిటెతో సరిపెట్టుకోవాలి. నిమ్మచెక్క అడిగి పిండుకుంటే పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చివర్లో ఉచితంగా ఇచ్చే చాయ్ ఆ లాభాన్ని తినేస్తుంది, తాగాలంటే గంట ఆగండి.

అంబలి నిరాశపరిచింది. రాత్రి పులియబెట్టిన పిండైతే మజ్జిగ పోయకముందే పులుపు వాసన రావాలి. ఇది పొద్దున కాచిన జావలో చల్ల కలిపినట్టుంది. రాగుల్లో కాల్షియం దండిగా ఉన్నా గింజలోని ఫైటేట్లనే పదార్థాలు దాన్ని ఒంటికి పట్టనీయకుండా పట్టి ఉంచుతాయి, పులిస్తే ఆ పట్టు సడలుతుంది. తొక్కులోనైతే నూనె తేలుతోంది, ఉప్పు కటకట. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు చాలంటారు, ఈ తొక్కు రెండు చెంచాలు తింటే రాత్రి కూరలో వేసుకోవడానికి ఏం మిగులుతుందో!

రోజూ ఇదే తినే పూర్తి శాకాహారులు బి12 విటమిన్ పరీక్ష చేయించుకోవాలి. రొట్టే పప్పూ దాన్ని ఇవ్వవు, మజ్జిగలో ఉండేదీ కొంచెమే.

వెళ్తే పన్నెండున్నరకల్లా వెళ్లండి. రెండు దాటితే రొట్టెలు హాట్‌బాక్సులోంచి వస్తాయి, ఆవిరికి చెమ్మగిల్లి అడుగువి ముద్దవుతాయి.