డీప్ పర్పుల్ తొలి మూడు ఆల్బమ్‌లు: ఆర్గన్ ముందు నడిచిన రోజులు

బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ కథను 1970 నాటి ‘ఇన్ రాక్’ ఆల్బమ్ నుంచి మొదలుపెట్టే శ్రోతలే ఎక్కువ. అంతకు ముందు రాడ్ ఎవాన్స్ గాయకుడిగా, నిక్ సింపర్ బేస్ గిటార్ వాద్యకారుడిగా ఉన్న రోజుల్లో వచ్చిన మూడు ఆల్బమ్‌లను, 2000లో ఈఎమ్ఐ సంస్థ అదనపు రికార్డింగులతో రీమాస్టర్ చేసి (పాత రికార్డింగుల ధ్వనిని మెరుగుపరచి) తెచ్చిన సీడీలలో వరుసగా వింటే, వాటిని పక్కన పెట్టడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

మొదటిదైన ‘షేడ్స్ ఆఫ్ డీప్ పర్పుల్’ను 1968 మే నెలలో లండన్‌లోని పై స్టూడియోలో, డెరెక్ లారెన్స్ నిర్మాణంలో, మూడే రోజుల్లో రికార్డు చేశారు. తోడేలు ఊళతో మొదలయ్యే ‘హష్’ జో సౌత్ రాసిన పాటే అయినా, జాన్ లార్డ్ వాయించిన ఆర్గన్ (ఒక కీబోర్డు వాద్యం), ఇయాన్ పేస్ డ్రమ్స్ కలిసి దానిని పూర్తిగా ఈ బృందం సొత్తు చేశాయి. అమెరికా పాటల జాబితాలో అది 4వ స్థానానికి చేరింది; బ్రిటన్ మాత్రం పట్టించుకోలేదు. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది బీటిల్స్ పాట ‘హెల్ప్’. మూలంలో పరుగులు తీసే లయ చాటున దాగిపోయిన వేడుకోలు, ఇక్కడ దాదాపు 6 నిమిషాల నిదానంలో, ఎవాన్స్ మృదువైన గొంతులో, నిజమైన వేడుకోలుగానే వినిపిస్తుంది. తర్వాత వచ్చిన గాయకుడు ఇయాన్ గిల్లన్ కేకలకు అలవాటుపడిన చెవికి ఈ గొంతు మొదట పలుచగా అనిపించవచ్చు గానీ, ఈ పాటకు కావలసింది ఇదే.

అదే ఏడాది హడావిడిగా తయారైన ‘ది బుక్ ఆఫ్ టాలీసిన్’లో ఎగుడుదిగుళ్లు ఎక్కువ. పది నిమిషాలు దాటే ‘రివర్ డీప్, మౌంటెన్ హై’ అంత సాగదీతకు నిలబడలేదు. పాట లేని ‘రింగ్ దట్ నెక్’ మాత్రం, లార్డ్ ఆర్గన్‌కు రిచీ బ్లాక్‌మోర్ గిటార్ జవాబు చెప్పే తీరు కోసం, మళ్లీ మళ్లీ వినవలసినది.

మూడింటిలో ఒక్కటే కొనదలచినవారు 1969లో బృందం పేరుతోనే వచ్చిన మూడవదానిని తీసుకోవాలి. నలుపు తెలుపుల్లో అచ్చయిన హెరోనిమస్ బోష్ చిత్రం అట్ట మీద ఎంత చీకటిగా ఉంటుందో, లోపలి సంగీతమూ అంత బరువెక్కింది. చివరిదైన ‘ఏప్రిల్’ 12 నిమిషాల రచన: మొదటి భాగంలో కీబోర్డు, గిటార్ మెల్లగా విషాదాన్ని పరుస్తాయి; నడిమి భాగంలో బృందం పూర్తిగా తప్పుకొని, లార్డ్ కూర్చిన తీగ వాద్యాలకు, పిల్లనగ్రోవి జాతి వాద్యాలకు చోటిస్తుంది; ఆ నిశ్శబ్దం మీదికి డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడే ఎవాన్స్ పాట అందుకుంటాడు. అదే ఏడాది సెప్టెంబరు 24న రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వినిపించిన ‘కాన్సెర్టో’కు (రాక్ బృందానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి లార్డ్ కూర్చిన రచన) దారి ఇక్కడే పడిందని నా నమ్మకం. అప్పటికి ఎవాన్స్, సింపర్ బృందంలో లేరు.

రీమాస్టర్‌లో ఆర్గన్ అడుగు స్వరాలు స్పష్టంగా తేలాయి. మూడవ సీడీ చివర చేర్చిన బీబీసీ రేడియో కోసం పాడిన ‘లలేనా’ పాటను దాటవేయకూడదు, ఎవాన్స్ గొంతు అందులో ఎంతో దగ్గరగా వినిపిస్తుంది.