సోలార్ కంచె వేయిస్తున్నారా? ముందు ఎర్త్ కడ్డీలు చూడండి

మాది కల్యాణదుర్గం దగ్గర నాలుగెకరాల మెట్ట చేను. వేరుశనగలో కంది సాళ్లు వేస్తాం. నిరుడు కాయలో గింజ పట్టే వేళకు అడవి పందుల మంద వచ్చి ఒక్క రాత్రిలో అరెకరానికి పైగా పెళ్లగించి పోయింది. తెల్లవారి వెళ్లేసరికి మొక్కలు తలకిందులై ఉన్నాయి, వేళ్లకు ఒక్క కాయ లేదు. మా అత్తగారు గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. మళ్లీ విత్తేలోపు కంచె ఉండాలని ఆ రోజే అనుకున్నాను.

మే నెలలో అనంతపురంలోని ఒక దుకాణం వారికి పని అప్పగించాను. చేను చుట్టుకొలత 510 మీటర్లు. అయిదు వరసల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ, రాతి కూసాలు, తీగలోకి కరెంటు దెబ్బలు పంపే మెషీను, బ్యాటరీ, సోలార్ పలక, కూలీ అన్నీ కలిపి 74 వేల రూపాయలు అయింది. మెషీను మీద నాకు ఫిర్యాదు లేదు. వరసగా మూడు రోజులు మబ్బు పట్టినా ఆగలేదు. తీగ కూడా ఎక్కడా వేలాడకుండా బిగువుగా లాగారు. మూల కూసాలకు ఏటవాలు ఊతం పెట్టి పాతారు, ఆ పని శ్రద్ధగా చేశారు.

నా బాధంతా మెషీను నుంచి నేలలోకి దింపే ఎర్త్ కడ్డీ దగ్గరే. గరుసు నేలలో, గట్టు మీద, మూడడుగుల కడ్డీ ఒక్కటే కొట్టారు. రాయి తగలగానే ఆపేశారు. "ఇది చాలుతుందా బాబూ?" అని అడిగాను. "మెషీను పెద్దదమ్మా, ఏమీ కాదు" అన్నాడు బిగించడానికి వచ్చిన మనిషి. మీటరు పెట్టి చూపించమని అప్పుడే గట్టిగా అడగవలసింది. విత్తిన వారానికే పందులు లోపలికి వచ్చి సాళ్ల వెంట విత్తనాన్ని తవ్వుకుని తిన్నాయి. ఫోను చేస్తే "తీగకు గడ్డి తగులుతోందేమో చూడండమ్మా" అన్నారు. గడ్డి అప్పటికింకా మొలవనే లేదు. రెండు వారాలు తిప్పించుకున్నారు, మనిషిని మాత్రం పంపలేదు.

చివరికి కల్యాణదుర్గంలో మోటార్లు బాగు చేసే అబ్బాయిని పిలిచాను. అతను వచ్చీ రాగానే మెషీను జోలికి పోలేదు. చేను ఆ చివర, మెషీనుకు 100 మీటర్లకు పైగా దూరంలో, మెషీను ఆపించి, జంతువు తగిలినట్టే కరెంటు నేలలోకి దిగేలా తీగకు నాలుగు ఇనుప కడ్డీలు ఆనించి నేలలో గుచ్చాడు. మళ్లీ మెషీను వేసి, ఎర్త్ కడ్డీ మీద మీటరు పెట్టాడు. 900 వోల్టులు చూపించింది. అక్కడ 300 దాటకూడదట. "అమ్మా, దెబ్బ పందికి తగలాలి. ఇక్కడ కడ్డీ దగ్గరే సగం ఆగిపోతోంది" అన్నాడు. ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. తీగలోని కరెంటు జంతువు ఒంట్లోంచి దాని కాళ్ల గుండా నేలలోకి దిగి, ఎర్త్ కడ్డీ ద్వారా మెషీనుకు తిరిగి చేరితేనే దెబ్బ తగులుతుంది. వాన సరిగా పడని మా ఎర్రనేల ఎండిపోతే ఆ దారి మూసుకుపోతుంది. నల్లరేగడి నేలలో నడిచిపోయే పని మా దగ్గర నడవదు.

అతను పశువుల తొట్టి నీళ్లు పారి ఎప్పుడూ తడిగా ఉండే చోటు ఎంచుకున్నాడు. బోరు మోటారు ఎర్త్‌కు పది మీటర్లకు పైగా దూరం ఉండేలా చూసుకున్నాడు. ఆరడుగుల జీఐ కడ్డీలు మూడు, ఒక్కొక్కటి మూడు మీటర్ల ఎడంతో దింపాడు. దుకాణం వారు కడ్డీకి రాగి తీగ చుట్టి వెళ్లారు. జీఐ మీద రాగి ఆనితే ఆ చోటు త్వరగా తుప్పు పడుతుందని దాన్నీ తీసేశాడు. అన్నిటికన్నా మేలు చేసిన మార్పు మరొకటి ఉంది. కింది నుంచి రెండో తీగను, నాలుగో తీగను కరెంటు నుంచి తప్పించి ఎర్త్‌కు కలిపాడు. ఇప్పుడు నేల ఎంత ఎండినా సరే, పంది మూతి ఒకటో తీగకు, నుదురు రెండో తీగకు తగిలితే చాలు. కూలీ, సామాను కలిపి 5,200 రూపాయలు తీసుకున్నాడు. కంచె చివర కొలిస్తే 2,000 ఉన్న వోల్టేజి 6,500కు చేరింది. ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా పంది అడుగు లోపల పడలేదు. జింకలు రెండుసార్లు పై నుంచి దూకి వచ్చాయి. ఈ ఎత్తు కంచె వాటిని పూర్తిగా ఆపదు.

దుకాణం వారి మీద ఇంకో కోపం కూడా ఉంది. ఖర్చు తగ్గుతుందని పాత ముళ్లతీగకే కరెంటు కలుపుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ముళ్లలో చిక్కుకున్న ప్రాణి విడిపించుకోలేక దెబ్బ మీద దెబ్బ తింటుంది. హెచ్చరిక బోర్డు ఒక్కటే ఇచ్చారు, అదీ ఇంగ్లీషులో. మా గట్టు పక్కనుంచే పిల్లలు బడికి వెళతారు. పసుపు రేకుల మీద "విద్యుత్ కంచె, ముట్టుకోవద్దు" అని తెలుగులో రాయించి దారి పొడవునా కట్టాను.

లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇచ్చేవారికి చేతులెత్తి మొక్కి చెబుతున్నాను, ఆ పని చేయకండి. అది నేరం, దానివల్ల మనుషులు చనిపోతున్నారు. ఈ మెషీను సెకనుకు ఒకసారి, కన్ను మూసి తెరిచేంతసేపు కూడా కాకుండా కొట్టి వదులుతుంది. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉంటుంది. ఇంటి కరెంటు పట్టిందంటే వదలదు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చే పక్క చేను మనిషికి మీ తీగ కనిపించదు.

వానలు పడ్డాక పదిహేను రోజులకొకసారి తీగ కింద గడ్డి కోయిస్తున్నాను. కోత ఆలస్యమైతే మీటరు 4,000కు దిగుతోంది. మా చెల్లెలు వాళ్ల చీనీ తోటకు వచ్చే నెలలో కంచె వేయించాలి. సామాను అనంతపురంలోనే కొంటాం. బిగించడానికి మాత్రం మోటార్ల అబ్బాయినే పిలుస్తాం. ఎర్త్ మీద 300 లోపు చూపించాకే డబ్బు ఇస్తామని ముందే చెప్పాను, అతను సరేనన్నాడు.