బఫే ఆర్13 ఆ, యమహా సీఎస్‌వీఆర్ ఆ? హైస్కూల్ పిల్లలకి ఏ క్లారినెట్ మేలు

అమెరికాలో మనవాళ్ళ పిల్లలు చాలామంది ఆరో తరగతిలో బ్యాండ్‌లో చేరి ప్లాస్టిక్ క్లారినెట్ అద్దెకి తెచ్చుకుంటారు, తొమ్మిదో పదో క్లాసుకొచ్చేసరికి లెసన్స్ చెప్పే టీచర్ "ఇంక చెక్కది కొనండి, ఆర్13 చూడండి" అంటారు, అప్పుడు వెళ్ళి రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కొత్త ఆర్13 నాలుగు వేల డాలర్ల పైమాటే. యమహా సీఎస్‌వీఆర్ కూడా ప్రొఫెషనల్ మోడలే, దానికన్నా బాగానే తక్కువలో వస్తుంది. మరి తేడా ఎక్కడుంది, ఆ ఎక్కువ డబ్బులు పెట్టడం అవసరమా అన్నదే అందరి ప్రశ్న.

ముందు ఆర్13 కి అంత పేరెందుకో చెప్తాను. ఫ్రాన్స్‌లో బఫే క్రాంపాన్ కంపెనీ కోసం రాబర్ట్ కారే 1955లో డిజైన్ చేసిన మోడల్ అది. క్లారినెట్‌లో ఒక చిక్కుంది. ఫ్లూట్‌లో అయితే కింద సా పట్టుకుని గట్టిగా ఊదితే పై సా వస్తుంది కదా, ఇక్కడ కింద సా పట్టుకుని, స్వరాన్ని పైకి ఎత్తే రిజిస్టర్ కీ నొక్కితే పై సా రాదు, తారస్థాయి పంచమం వస్తుంది. అంటే ప్రతి రంధ్రమూ రెండు వేరువేరు స్వరాలకి శ్రుతి నిలబెట్టాలి, కిందది సరిచేస్తే పైది చెడుతుంది. కారే చేసిందేంటంటే లోపలి గొట్టం మొత్తం ఒకే సైజు పెట్టకుండా మెట్లుమెట్లుగా వ్యాసం మార్చాడు, దాంతో ఆ కింద పై జోడీలు బాగా దగ్గరపడ్డాయి. అమెరికన్ ఆర్కెస్ట్రాల్లో దశాబ్దాలుగా అదే నడుస్తోంది, టీచర్లు కూడా దానిమీదే పెరిగారు కాబట్టి వాళ్ళ నోట ముందు ఆ పేరే వస్తుంది. అట్టడుగున ఉన్న ఈ (E), ఎఫ్ (F) స్వరాలు మాత్రం కొంచెం శ్రుతి తగ్గుతాయి, ఫ్రెంచ్ రకం క్లారినెట్లు చాలావాటికి ఉన్న గొడవే ఇది, బఫే వాళ్ళదే టోస్కా మోడల్‌లో ఆ కింది ఎఫ్ సరిచేయడానికి విడిగా ఒక కీ ఉంటుంది. కానీ టోస్కా రేటు ఇంకా పైకి పోతుంది, స్కూల్ పిల్లలకి అంత అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

సీఎస్‌వీఆర్ జపాన్‌ది, అదీ గ్రెనడిల్లా అనే నల్లటి గట్టి చెక్కే. నేను గమనించిన పెద్ద తేడా ఏంటంటే నాలుగు సీఎస్‌వీఆర్ క్లారినెట్లు వరసగా ఊదిస్తే నాలుగూ దాదాపు ఒకేలా పలుకుతాయి, శ్రుతి ఎక్కడా ఊహించని చోట జారదు. ఆర్13 లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎక్కువ కనిపిస్తుంది. మంచిది దొరికిందా, ఆ గొంతులో ఉన్న నిండుదనం, సన్నగా వాయించినా హాలు చివరిదాకా తేలిగ్గా వెళ్ళే గుణం యమహాలో నాకు అంతగా వినపడలేదు, ఇది దాచడం దేనికి. అందుకే నేను చెప్పేది, రెండుమూడు ఆర్13 లు పక్కపక్కన పెట్టుకుని ఊది ఏరుకునే వీలుంటేనే ఆర్13 కొనండి, పేరు చూసి ఆన్‌లైన్‌లో ఒక్కటే ఆర్డర్ పెట్టేటట్టయితే సీఎస్‌వీఆర్ తీసుకోండి. ట్రయల్‌కి ఇంటికి పంపే షాపులున్నాయి, అడగండి.

ట్రయల్‌లో ఏం చూడాలంటే, పిల్లలు రోజూ వాడే మౌత్‌పీస్, అలవాటైన రీడ్ (మౌత్‌పీస్‌కి కట్టే సన్నటి బద్ద) తోనే ఊదించాలి, కొత్త మౌత్‌పీస్ పెడితే మార్పు దేనివల్ల వచ్చిందో తెలీదు. శ్రుతి చూపించే ట్యూనర్ పక్కన పెట్టి ఒక్కో స్వరం నిలబెట్టి ఊదించి, తర్వాత రిజిస్టర్ కీ తో పై జోడీ చూడండి, మధ్యలో వేళ్ళన్నీ దాదాపు ఎత్తేసి వాయించే జీ (G), ఏ (A), బీ ఫ్లాట్ స్వరాలు బోలుగా వస్తున్నాయేమో వినండి. ట్యూనర్ చూసేవాళ్ళు వేరే ఉండాలి, ఊదేవాళ్ళకి ముల్లు కనిపిస్తే తెలీకుండానే పెదవితో సర్దేస్తారు.

ఇంకో విషయం, మన పెళ్ళిళ్ళ బ్యాండ్ మేళంలో క్లారినెట్ వీధి చివరిదాకా వినపడేలా కణకణమంటూ పలుకుతుంది, మనకి ఆ సౌండ్ అలవాటు, ఇక్కడ ఆడిషన్ జడ్జీలు అడిగేది గుండ్రంగా ముదురుగా ఉండే సౌండ్. కాబట్టి షాపులో మన చెవికి "అబ్బ ఎంత గట్టిగా ఉందో" అనిపించింది మంచిదని తేల్చేయకండి, టీచర్‌ని తీసుకెళ్తే అన్నిటికన్నా మంచిది.

మా అమ్మాయికి మేం సీఎస్‌వీఆర్ తీసుకున్నాం, తను కాలేజీలో మ్యూజిక్ మేజర్ చేయనని ముందే తేల్చి చెప్పింది, మిగిలిన డబ్బులు మంచి మౌత్‌పీస్‌కీ లెసన్స్‌కీ వాడాం, నిజానికి సౌండ్‌లో మార్పు మౌత్‌పీస్‌తోనే ఎక్కువ వచ్చింది. మ్యూజిక్ మేజర్ చేస్తారనుకుంటే లెక్క మారుతుంది, వాళ్ళకి మామూలుగా వాడే బీ ఫ్లాట్ శ్రుతి క్లారినెట్‌తో పాటు "ఏ" (A) శ్రుతి క్లారినెట్ కూడా కావాలి (మొజార్ట్ 1791లో రాసిన క్లారినెట్ కన్చెర్టో ఆ "ఏ" లోనే ఉంది మరి), అలాంటివాళ్ళకి ఆర్13, అదీ కుదిరితే సెకండ్‌హ్యాండ్. పాత ఆర్13 కి తిరిగి అమ్మినా డబ్బులు బాగానే వస్తాయి, కాకపోతే కొనేముందు రిపేర్ తెలిసినవాళ్ళకి చూపించి పై జాయింట్‌లో (గొట్టం పై ముక్కలో) పగులుందేమో వెతికించండి. కీల పూత సంగతి, వెండిది వేలికి పట్టు ఇస్తుంది కానీ నల్లబడుతుంది, నికెల్ మన్నుతుంది కానీ చేతులకి చెమట పట్టేవాళ్ళకి జారుతుంది.

ఏది కొన్నా చెక్క చెక్కే. లోపల ఊపిరి వెచ్చగా తడిగా, బయట చలి అయితే పగుళ్ళు వస్తాయి, కొత్తలో రోజుకి పావుగంట ఇరవై నిమిషాల కంటే ఎక్కువ ఊదనివ్వకండి, అయ్యాక లోపల గుడ్డతో తుడవాలి. ఆ భయం అసలు వద్దనుకుంటే ఆర్13 లోనే గ్రీన్‌లైన్ ఉంది, చెక్క పొడిని కార్బన్ ఫైబర్‌తో కలిపి పోతపోసింది, వాతావరణానికి పగలదు, కింద పడితే మాత్రం జాయింట్ దగ్గర విరగొచ్చు. పాత ప్లాస్టిక్‌ది మీ సొంతమైతే అమ్మేయకండి, అద్దెదైతే స్కూల్లో ఒకటి అడిగి తెచ్చుకోండి, ఆగస్టు ఎండలో వానలో మార్చింగ్ బ్యాండ్‌కి పట్టుకెళ్ళాల్సింది అదే, చెక్కది కాదు.